మూడో బెంచీలోని నాలుగు పత్రాలు

2023 వానాకాలం. సుల్తానాబాద్ దగ్గర ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ హాస్టల్‌లో మా బృందం పనిచేస్తోంది. పిల్లల్లో డిప్రెషన్‌ను తొందరగా పసిగట్టే ఒక చిన్న ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చాం. అది ఇక్కడి పిల్లల విషయంలో నిజంగా పనిచేస్తుందా అని తేల్చడాన్ని వ్యాలిడేషన్ అంటారు. పద్ధతి ఇది. ఒకటి, పిల్లలు క్లాసులో కూర్చుని ప్రశ్నావళి నింపుతారు. రెండు, సైకాలజిస్టు సరిత మేడం ఆ పత్రాలు చూడకుండా ఒక్కొక్కరితో మాట్లాడి తన నిర్ణయం రాస్తారు. మూడు, ఆ రెండింటినీ నేను పోలుస్తాను. నేను చదివింది స్టాటిస్టిక్స్. నా పనంతా కంప్యూటర్ ముందే.

ప్రశ్నావళి సమస్య ఉందని చూపి, మేడం లేదని రాస్తే దాన్ని ఫాల్స్ పాజిటివ్ అంటాం. ఆ కాలేజీలో అలాంటివి నాలుగు వచ్చాయి. నాలుగూ మూడో బెంచీవే. మొదటి ప్రశ్న నుంచి చివరిదాకా జవాబులు ఒకటే. కాపీ అని తేలిన పత్రాలను లెక్కలోంచి తీసేయాలన్నది మా నియమం. తీసేస్తే మా ఫలితం కూడా మెరుగవుతుంది. కాకపోతే కారణం రాయాలి. అందుకే అడగడానికి కాలేజీకి వెళ్లాను.

ఆ బెంచీలో కూర్చునే రాకేశ్ ఏమీ దాచలేదు. పక్కనున్న శ్రీకాంత్‌ది చూసి ముగ్గురం రాశామన్నాడు. శ్రీకాంత్ కాలేజీ ఫస్ట్. గేటు మీది ఫ్లెక్సీలో ఉన్నది అతని ఫోటోనే.

"దీనికి మార్కులు లేవని చెప్పాం కదా?"

"చెప్పిండ్రు సార్. గని కాగితం ముంగట వెడితే చెయ్యాగది."

"ప్రశ్నలన్నా చదివారా?"

"వాడు సదివిండు గద సార్."

నవ్వొచ్చింది. 'కాపీ' అని రాసుకుంటూ, మరి శ్రీకాంత్ ఎవరిది చూశాడని అడిగాను.

"వాడు ఎవలది జూడడు సార్. మేమందరం వాన్ది జూస్తం."

పెన్ను ఆగింది. కాపీలు మూడే. నాలుగోది అసలుది. దాదాపు రోజూ నిద్ర పట్టడం లేదని, దేని మీదా మనసు పోవడం లేదని, తాను ఎందుకూ పనికిరాననిపిస్తోందని ఒక పిల్లవాడు ఒప్పుకుని టిక్కు పెట్టిన పత్రం. దాన్ని కూడా తీసేస్తే ఇక అతని దగ్గరికి వెళ్లేవాళ్లెవరూ ఉండరు. బయటికొచ్చి మేడంకు ఫోన్ చేశాను. ఇంటర్వ్యూలు ఎక్కడ జరిగాయని అడిగాను. ప్రిన్సిపాల్ గదిలోనే, చెక్క పార్టిషన్‌కు ఇవతల అన్నారు. పొద్దున్నే వస్తానన్నారు.

మర్నాడు ఆమె శ్రీకాంత్‌తో వాలీబాల్ కోర్టు పక్కన చాలాసేపు కూర్చున్నారు. నేను దూరంగా ఉన్నాను. నాకు చెప్పడానికి అతను సరేనన్నాక, ఆమె చెప్పిన అతని మాట ఒక్కటే.

"గా దినం ప్రిన్సిపాల్ సార్ అవతల కూసోని అంతా ఇంటుండె మేడం. గేటు మీద నా ఫోటో వెట్టిండ్రు. నేనే మంచిగలేనంటే ఎట్ల?"

మంథని దగ్గరి ఊరి నుంచి శ్రీకాంత్ వాళ్లమ్మ వచ్చింది. నాన్న దుబాయ్ నుంచి వీడియో కాల్‌లో, ర్యాంకు సంగతి తర్వాత, ముందు ఇంటికి పొమ్మన్నాడు. కరీంనగర్‌లో డాక్టరు చికిత్స మొదలుపెట్టారు.

మూడు పత్రాలు తీసేశాను. శ్రీకాంత్‌ది ఉంచాను. మొదటి ఇంటర్వ్యూనే ప్రమాణం కాబట్టి మా పట్టికలో అతను ఇప్పటికీ ఫాల్స్ పాజిటివే. కింద ఒక వివరణ చేర్చాం. ఆ తర్వాత ఏ కాలేజీలోనైనా బెంచీకి ఒక్కరినే కూర్చోబెట్టాం, ఇంటర్వ్యూలను ఆఫీసు గదులకు దూరంగా జరిపాం. ఇప్పుడు ఒకేలాంటి పత్రాలు కనిపిస్తే, తీసేసే ముందు వాటిలో అసలుది ఏదని వెతుకుతాను.

జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో చూడటానికి రెండు వారాల తర్వాత అదే క్లాసుతో ప్రశ్నావళి మళ్లీ నింపించాం. శ్రీకాంత్ ఇంకా ఇంటి దగ్గరే ఉన్నాడు. రాకేశ్ అలవాటుగా పక్కకు తిరిగాడు. అక్కడ ఎవరూ లేరు.

"వాడెట్లున్నడు సార్?" అన్నాడు.

కుదుటపడుతున్నాడని చెప్పాను. రాకేశ్ కాగితం దగ్గరికి లాక్కుని, మొదటి ప్రశ్న మీద వేలు పెట్టి, చదవడం మొదలుపెట్టాడు.