నాన్న పోయాడనడానికి ఆధారం

మేడం గారు నా కాగితాల్లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది ఒక్క వాక్యానికే. "ఉప్పెనలో మా నాన్న, మా అన్న చనిపోయారు" అన్న వాక్యానికి. పక్కన చిన్న అక్షరాలతో "ఆధారం?" అని రాసింది.

నేను నలభైకి దగ్గరపడ్డాక సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. బందరులో ఎండుచేపలు అమ్ముకుంటూనే పదో తరగతి, ఇంటరు, డిగ్రీ ఒక్కొక్కటే కట్టుకుంటూ ఎమ్మే దాకా వచ్చాను. ఆదివారాలు గుడివాడలో ఈ మేడం చెప్పే దూరవిద్య క్లాసులు. పొద్దున్నే బస్సెక్కేదాన్ని. ఎంత రుద్దుకున్నా ఒంటికి చేపల వాసన పోదని కిటికీ పక్క సీటు వెతుక్కునేదాన్ని.

చదువు ఆఖర్న ప్రాజెక్టు రాయాలి. ఉప్పెన తర్వాత దివిసీమలో నా పుట్టింటి పల్లె ఆడవాళ్ళు ఎలా బతికారో రాస్తానన్నాను. నిజానికి నాకు కావలసింది ఆ ఒక్క వాక్యమే. మిగతా పేజీలన్నీ దాని చుట్టూ కట్టిన దడి. నాన్నకి ఫొటో లేదు. దినం చెయ్యలేదు. పోయినవాళ్ళ పేర్లు రాసుకోవడానికి మనుషులు వచ్చినప్పుడు అమ్మ వాళ్ళ పేర్లు చెప్పలేదు. అన్నకి అప్పటికి మీసం కూడా రాలేదట. వాళ్ళు ఉన్నారనీ, పోయారనీ చెప్పే కాగితం ముక్క ఎక్కడా లేదు. నాకు రాయడం వచ్చింది కాబట్టి నేనైనా రాసిపెడదామనుకున్నాను.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. సముద్రం శవాన్ని ఒడ్డుకు తెచ్చి ఇస్తేనే మనిషి పోయినట్టు. ఇవ్వకపోతే ఇంకా చేపల వేటకెళ్ళినట్టే లెక్క. ఆ ఇంటి ఆడది బొట్టు తియ్యదు, గాజులు తియ్యదు. పోయాడన్న మాట ఆమె నోట వస్తే ఆ మాటే అతన్ని ముంచుతుందని నమ్మకం.

"మీకెలా తెలుసమ్మా?" అని అడిగింది మేడం. ఆమెకి నా పెద్దకూతురి వయసుంటుంది.

"అందరికీ తెలుసండీ."

"అందరూ అంటే ఆధారం కాదు కదండీ. మీరు చూశారా?"

"నేనప్పుడు చంకలో పిల్లనండీ."

"మరి చూసినవాళ్ళు?"

"మా అమ్మ ఉంది."

"ఇంకేం! వెళ్ళి ఆవిడతో మాట్లాడండి. ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చెయ్యండి. ఊరు, పేరు, తేదీ వేసి చూపిస్తే సరిపోతుంది."

ఎవరి మాట నమ్మాలో ఆవిడ మాకు బాగా నేర్పింది. చెప్పిన మనిషి అప్పుడు అక్కడ ఉందా? కళ్ళతో చూసిందా? అబద్ధం చెబితే ఆమెకేమైనా లాభముందా? అదే మాట ఇంకెక్కడైనా ఉందా? చేప కొనేముందు తాజాదో కాదో, ఎర్రగా ఉందో లేదో మొప్ప ఎత్తి చూస్తాం కదా, అలాంటిదేలే అనుకున్నాను. ఆ పాఠం నాకు ఎంతో నచ్చింది.

ఇంకెక్కడైనా ఉందేమోనని ముందు బందరు లైబ్రరీలో వెతికాను. సన్నటి పుస్తకం ఒకటి దొరికింది. ఉప్పెన తర్వాత ఎవరో ఊరూరా తిరిగి రాసింది. అందులో మా పల్లె గురించి నాలుగు వరసలున్నాయి. వేటకెళ్ళే ఇళ్ళలో ప్రాణాలు పోలేదని ఉంది. వేలు పెట్టి మళ్ళీ చదివాను. చదవడం ఎందుకు నేర్చుకున్నానా అని మొదటిసారి అనిపించింది.

తర్వాత చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సెక్కి, అక్కడ ఆటో మారి అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ గుమ్మంలో కూర్చుని చిట్టిరొయ్యల్లో నలకలు ఏరుతోంది. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. పక్కింటి పిన్ని గోడకి చేరగిలబడి ఉంది.

"ఏంటే, ఆ ఫోను నా మూతి దగ్గరెట్టావు? ముద్దెట్టుకోమంటావా?" అంది అమ్మ.

"మీ అమ్మని సినిమాలో ఏత్తారేమోనే," అంది పిన్ని.

"ఏత్తే ఏత్తారు. నీలాగా ఊరికే కూకోను గదా."

రికార్డు చేసుకోనా అని అడిగాను. చేసుకోమంది.

"అమ్మా, ఉప్పెనప్పుడు మనింట్లో ఎవరు పోయారు?"

"ఎవురూ పోలేదు."

"నాన్న?"

"ఏటకెల్లాడు."

"అన్నయ్యో?"

"ఆడూ ఆళ్ళయ్యెంట ఎల్లాడు. వద్దంటే ఇన్నాడా?"

"ఇన్నేళ్ళ వేటేంటమ్మా?"

"నీ సదువుకి ఇన్నేళ్ళు పట్టలేదా? ఆళ్ళ ఏటకి పడితే తప్పొచ్చిందా?"

పిన్ని నవ్వబోయి ఆగిపోయింది. రొయ్యల చేటలోకి చూస్తూనే అమ్మ మళ్ళీ అంది. "ఎప్పుడో ఓ కళ్ళజోడాయన కూడా ఇట్టాగే వచ్చి అడిగాడు. ఆయనకీ ఇదే సెప్పాను. రాసుకుని ఎల్లాడు."

అప్పుడర్థమైంది, పుస్తకంలోని ఆ నాలుగు వరసలూ ఎక్కడివో.

పిన్ని లేచి వెళ్ళాక అమ్మ ఫోను వైపు చూసి, "ఆపు దాన్ని," అంది. ఆపాను.

"నాకు తెలీదనుకుంటన్నావా?" అంది. "ఆ రోజునించీ తెలుసు. అయితే మాత్రం నా నోటితో అనిపించమాకే. నేనంటే నేనే ముంచినట్టు."

ఈ మాట రాసుకోనా అని అడిగాను. అమ్మ నా ముఖంలోకి చూసింది.

"ఇందుకా నువ్వు సదువుకుంది?"

గుడివాడ వెళ్ళి మేడంకి పుస్తకంలోని వరసలు చూపించి, రికార్డు వినిపించాను. ఫోను ఆపాక అమ్మ అన్నది మాత్రం చెప్పలేదు. ఆవిడ మొత్తం వింది. తర్వాత, "పుస్తకం, మీ అమ్మగారు, ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు కదమ్మా," అంది.

"రెండూ ఒకే నోరండీ. ఆ పుస్తకమాయన అడిగింది మా అమ్మనే."

"అలాగని పుస్తకంలో ఉందా?"

"లేదండీ."

"పోనీ, పోయారని అనకూడదన్న మీ పద్ధతి గురించి రాయండి. దానికి ఎవరితోనైనా చెప్పించండి."

ఎవరితో చెప్పించను? వేటకెళ్ళినవాళ్ళున్న ప్రతి ఇంట్లో వాళ్ళు వేటకెళ్ళారనే చెబుతారు. అది పద్ధతేనని ఒప్పుకుంటే పోయారని ఒప్పుకున్నట్టే. ఆ మాట అనిపించడానికి ఏ గుమ్మం ముందు కూర్చోను?

"నేను మిమ్మల్ని నమ్ముతున్నానమ్మా," అంది మేడం మెల్లగా. "కానీ నేను నమ్మితే సరిపోదు కదండీ."

"అయితే ఆ వాక్యం తీసేస్తానండీ."

"తీసేసి ఊరుకోకూడదమ్మా. మీరే వెళ్ళి అడిగారు. వచ్చిన జవాబు నచ్చలేదని దాచేస్తే అది ఇంకా తప్పు."

ఆవిడ అన్నది నిజం. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. అమ్మ అక్కడే ఉంది, కళ్ళతో చూసింది, అబద్ధం చెబితే ఆమెకొచ్చే లాభం ఏమీ లేదు. ఎలా చూసినా మొప్ప ఎర్రగానే ఉంది.

మా ఇంట్లో ఎవరూ చనిపోలేదని రాశాను. కింద అమ్మ పేరు, ఊరు, మాట్లాడిన తేదీ వేశాను. దాని కింద ఆ పుస్తకం పేరు, పేజీ అంకె. ఎక్కడ కామా పెట్టాలో, ఎక్కడ చుక్క పెట్టాలో మేడం దగ్గరుండి చూపించింది. ఆ పేజీలో ఒక్క ఎర్ర గీత కూడా పడలేదు.

మొన్న వానల్లో అమ్మ పోయింది. బొట్టుతోనే పంపాం. ఇక ఆ మాట అడగడానికి మనిషి లేదు. ఫోను ఆపాక ఆమె అన్నది ఇక్కడ రాస్తున్నానంటే, ఇక్కడ ఎవరి పేరూ లేదు కాబట్టి. పేరు లేదు కాబట్టి ఇది ఆధారం కాదు.

నా ప్రాజెక్టు అట్టేసి స్టడీ సెంటరు బీరువాలో పెట్టారు. రేపు ఏ పిల్లో మా పల్లె గురించి రాస్తూ దాన్ని తీస్తుంది. మా నాన్న, మా అన్న పోలేదనడానికి నా పేరు, సంవత్సరం, పేజీ అంకె చూపిస్తుంది. ఆ పిల్లకి ఎవరూ ఎర్ర సున్నా చుట్టరు.