కుండ పట్టుకునే మనిషి

మా ఊరి బోరు నీళ్ల సంగతి చెబితే ఎవరూ నమ్మరు. ఓర్వకల్లు దగ్గర గుట్టల నడుమ ఉన్న ఊరు మాది. ఒకసారి కర్నూలు నుంచి వచ్చిన చుట్టం ఆ నీళ్లతో తలకు పోసుకుంటే, జుట్టులో ఇరుక్కుపోయిన దువ్వెనను తీయడానికి వడ్రంగిని పిలిపించాం. దువ్వెన ఇరుక్కున్న మాట నిజం. వడ్రంగిని నేను చేర్చాను. నా పళ్ల మీది గోధుమరంగు చారలు మాత్రం నేను చేర్చినవి కావు, ఆ నీళ్లే గీసినవి. నోరు తెరిస్తే చాలు, తెలిసినవాళ్లు నాది ఏ పక్క ఊరో చెప్పేస్తారు.

ఇదంతా కడపలో డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారు?"

"క్యాను నీళ్లు మేడమ్. అందులో ఏమీ ఉండదు. ఈగ పడితే తినడానికేమీ దొరక్క లేచిపోతుంది."

దానికీ నవ్వలేదు. నా రక్తపరీక్ష కాగితం చూస్తోంది.

కమలాపురంలో నాకు ఎరువుల కొట్టు ఉంది. రైతు ఒక ఆకు తెచ్చి బల్ల మీద పెడితే చాలు, ఆ చేనుకు జింకు తక్కువైందో, బోరాన్ తక్కువైందో, ఇనుము తక్కువైందో చెప్పేస్తాను. అలాంటివాణ్ణి, కొన్ని నెలలుగా అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు ఉన్నా, గోళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడుతున్నా పట్టించుకోలేదు. అదే ఆకైతే చూసేవాణ్ణి.

"ఇనుము తక్కువగా ఉంది. బీ ట్వెల్వ్ మరీ తక్కువ" అంది డాక్టరమ్మ.

"ఇనుమేనా? మా కొట్లో చేలకు కొట్టే ఇనుము మందు, అన్నభేది, మూటలు మూటలుంది మేడమ్. నిమ్మ ఉప్పు కలిపి పొద్దున్నే పిచికారీ చేసుకుంటాను."

"అది నోట్లో పెట్టుకున్నారంటే ఈ గదికి రారు, నేరుగా ఎమర్జెన్సీకి పోతారు. ఏం తింటున్నారు?"

పాలు, గుడ్లు, ఆకుకూర, నాటుకోడి పులుసు అంటూ మొదలుపెట్టాను. నాటుకోడి దగ్గర ఆమె కళ్లద్దాలు తీసింది. దాంతో నిజం చెప్పాను. మధ్యాహ్నం కొనుక్కొచ్చిన సాంబారు, అన్నం, ఊరగాయ. రాత్రి టీ, బిస్కెట్లు.

"సూదులు, మాత్రలు నేనిస్తాను. తిండి నేను పెట్టలేను కదా. ఇట్లాగే వదిలేస్తే కాళ్ల తిమ్మిరి కాళ్లలోనే ఉండిపోతుంది. నీళ్లు శుభ్రంగా ఉంటే చాలు, బలం కోసం కంచం వైపు చూడండి. గుడ్డు, పెరుగు, అప్పుడప్పుడు మాంసం. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి. తిన్న వెంటనే టీ వద్దు. ఇంట్లో సంగటి చేసుకుంటారా?"

"చేసుకునేవాళ్లం" అన్నాను.

మా ఇంట్లో సంగటి ఇద్దరి పని. నూకలు ఉడికాక రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, కుండ కిందికి దించి కట్టెతో గెలకాలి. పిండి గట్టిపడేకొద్దీ కట్టెతో పాటు కుండా తిరుగుతుంది. అందుకని నా భార్య గెలికేది, నేను పాతగుడ్డ చుట్టి కుండ పట్టుకునేవాణ్ణి. రెండు చేతులూ కుండకే అంకితం కాబట్టి ఖాళీగా ఉండేది నోరొక్కటే. నా కోతలన్నీ అక్కడ పుట్టినవే. వడ్రంగి కూడా ఆ కుండ దగ్గరే పుట్టాడు. కోత మరీ హద్దు దాటినప్పుడు ఆమె కట్టెను కుండ అంచు మీద టక్కున కొట్టి, "సాల్లే మామా" అనేది. సంగటి అయినట్టూ అదే గుర్తు, కత అయినట్టూ అదే గుర్తు.

ఆమె పోయాక కుండ అటకెక్కింది. నా కతలు కొట్టుకు మారాయి. కొట్లో వినేవాళ్లకు కొదవ లేదు. సాల్లే అనేవాళ్లే లేరు.

డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చిన మరుసటి ఆదివారం కొట్టు మూసి, కుండ దించాను. పుండికూర పప్పు, అదే గోంగూర పప్పు, చేశాను, గుడ్లు ఉడకబెట్టాను, నూకలు ఉడికించి పిండి పోశాను. గెలకడానికి కుండకు పాతగుడ్డ చుట్టి, రెండు పాదాల మధ్య బిగించి కూర్చున్నాను. నాలుగు తిప్పులు తిప్పేసరికి కుండ మీది గుడ్డ జారింది. జారిన సంగతి నాకు తెలియలేదు. కిందికి చూస్తే పాదం పక్క ఎర్రగా కంది ఉంది. కుండ కాలుతోందని కంటికి తెలిసింది గానీ కాలికి తెలియలేదు. ఇది నేను చేర్చింది కాదు.

అప్పుడే వాకిట్లో మా వీధి చివరి చిన్నాయన గొంతు వినబడింది.

"ఏమప్పా, కొట్టు మూసినావే? మా చెనిక్కాయ చేను లేతాకులన్నీ పసుపెక్కి పోతాండాయి సూడు."

"ఇనుము లేక. నాకూ అదే రోగం. లోపలికొచ్చి ఈ కుండ పట్టుకో చిన్నాయనా."

"మందు సంగతి సెప్పమంటే కుండ పట్టుకోమంటావే?"

"పట్టుకుంటే సెప్తా."

తువ్వాలు చుట్టి, గొణుగుతూనే పట్టుకున్నాడు. నేను గెలకడం మొదలుపెట్టాను. సగం కూడా కాకముందే ఆయాసం వచ్చింది. నా భార్య ఎందుకు ఒక్క మాటతో సరిపెట్టేదో అప్పుడు అర్థమైంది. గెలికేవాళ్లకు మాటలకు ఊపిరి మిగలదు. ఇన్నేళ్లూ నా కతలకు మురిసి మౌనంగా వినేదనుకున్నాను.

అయినా ఊరుకోలేదు. రొప్పుతూనే చెప్పాను, "మా ఊరి నీళ్లు తాగి మా బర్రె పాలకు బదులు సున్నం ఇచ్చింది చిన్నాయనా."

"ఇచ్చింటాదప్పా. మా మేనత్తది ఆ పక్కే. శానా గట్టి నీళ్లు."

"ఆ సున్నంతోనే ఇల్లంతా కొట్టించినాం."

"దూడ పాపం ఏం తాగిందప్పా?" అన్నాడు, నిజంగా బాధపడుతూ.

కట్టె ఆపి ఆయన మొహం చూశాను. ఆయన దూడ గురించే ఆలోచిస్తున్నాడు.

చేతులు తడుపుకుని ముద్దలు చేశాను. అవి గుండ్రంగా రాలేదు. "ఉప్పు తక్కువైనాది" అంటూనే చిన్నాయన పుండికూరతో పెద్ద ముద్ద తినేశాడు. నేను చిన్న ముద్ద, రెండు గుడ్లు తిన్నాను. తినగానే చేయి టీ గిన్నె వైపు పోతే వెనక్కి తీసుకున్నాను.

కొట్టు తెరిచి అన్నభేది ఇచ్చాను. పక్కనే నిమ్మ ఉప్పు డబ్బా. అది కలపకపోతే మందు సరిగా పని చేయదు, ఆకులు అలాగే ఉంటాయి, ఆయన మళ్లీ మళ్లీ వస్తాడు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కానీ అదీ పొట్లం కట్టి ఇచ్చి, ఎట్లా కలపాలో చెప్పాను.

"మళ్లీ ఎప్పుడు సేస్తావు సంగటి?" అన్నాడు మెట్టు దిగుతూ.

"చేను కుదుటపడేదాకా రోజూ రా."

"కుదుటపడినాంక?"

ఆయన జవాబు కోసం నిలబడకుండా పోయాడు.

మిగిలిన ముద్దను పొద్దుటికని మజ్జిగలో వేశాను. కందిన కాలికి చన్నీళ్లు పోసుకున్నాను. చల్లదనం మడమ దగ్గర కొంచెం తెలిసింది, లేదా తెలిసిందని అనుకున్నాను. కుండ కడిగాను, కట్టె కడిగాను. ఆరబెట్టే ముందు కట్టెతో కుండ అంచు మీద ఒకసారి కొట్టి చూశాను.

టక్కుమంది. అంతవరకే.