పురుగు పట్టని నేలవేము

మొక్కలకు పేర్లు పెట్టే పని మనకు మిగల్లేదని మా లెక్చరర్‌ గారు మొదటి రోజే చెప్పారు. "పోయిన శతాబ్దంలోనే దొరలు అన్నిటికీ పెట్టేసి వెళ్లారు. మన జిల్లాల్లో ఏవేవి ఉన్నాయో చూసి రాసుకోవడమే మన వంతు" అన్నారు. ఆంధ్రప్రదేశ్‌ ఏర్పడి నాలుగైదేళ్లయి ఉంటుంది. నేను కరీంనగర్‌ కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్‌గా కొత్తగా చేరాను. ఇరవై మూడేళ్లు. ఆయన మాట నాకు నచ్చలేదు. ఎక్కడో ఒక గడ్డిపరకైనా పేరు లేకుండా మిగలకపోతుందా, అది నా కంటనే పడకపోతుందా అని లోపల ఆశ. మగ్గం నేసే ఇంట్లో పుట్టి మొట్టమొదట డిగ్రీ చదివినవాడికి ఆ మాత్రం పొగరు ఉంటుంది.

ఆ చలికాలం ఆయన నన్ను ఆదిలాబాద్‌ అడవులకు తీసుకెళ్లారు. ఇచ్చోడ దాకా బస్సు, అక్కడి నుంచి జైనూర్‌ దాకా కర్రల కోసం వెళ్తున్న లారీ. పది రోజులు తిరిగాం. మొక్కను వేరుతో సహా పెకిలించి, పాత ఉర్దూ పత్రికల మధ్య పెట్టి, రెండు చెక్కల నడుమ తాళ్లతో బిగించి కట్టేవాళ్లం. తడి కాగితాలు రోజూ మార్చేవాళ్లం. మాకు దారి చూపిన ముసలాయన రెండు రోజులు ఊరికే చూశాడు. మూడో రోజు ఉండబట్టలేక అడిగాడు.

"గీ ఆకులన్ని మాకు ఎర్కే సారూ. కాగితాలల్ల వెట్టి ఏం జేస్తరు?"

"పేరు రాసి దాచిపెడతాం" అన్నాను.

"దేనికి పనికొస్తదో రాయరా మరి?"

అది కూడా రాస్తామని చెప్పాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. ఆ అడవిలో నాకు కొత్త మొక్క ఏదీ దొరకలేదు. సోమిచెక్క చెట్టు కనబడ్డా, నేలమీద పాకే తీగ కనబడ్డా, లెక్చరర్‌ గారు లావుపాటి పుస్తకం తెరిచి లాటిన్‌ పేరు, దాని పక్కన పేరు పెట్టిన దొర పేరు పొట్టిగా చదివేవారు. చెట్ల కింద చిన్న చిన్న తెల్లపూలతో నేలవేము విరగబూసి ఉంది. దానికీ అంతే, ఆండ్రోగ్రాఫిస్‌ పానికులాటా. పేరు పెట్టిన ఆ దొర మన దేశంలో అడుగే పెట్టలేదట. ఓడలో వెళ్లిన ఎండు మొక్కలను బల్లమీద పరుచుకుని చూసి పెట్టాడట. నోట్లో ఒక ఆకైనా వేసుకుని ఉండడు అనిపించి నవ్వొచ్చింది.

కాలేజీకి వచ్చాక ఎండిన మొక్కలకు పురుగు పట్టకుండా మందు పెట్టాం. పాదరసంతో చేసే తెల్లటి విషం అది, మెర్క్యురిక్‌ క్లోరైడ్‌ అంటారు. దాన్ని స్పిరిట్‌లో కలిపి, చిమటాతో ఒక్కొక్క మొక్కను ముంచి తీసి ఆరబెట్టాలి. అన్ని దేశాల్లోనూ అలాగే చేసేవారు. సీసా మీద పుర్రె, ఎముకల బొమ్మ ఉండేది. లెక్చరర్‌ గారు నాతో మూడుసార్లు సబ్బుతో చేతులు కడిగించారు. ఆరిన మొక్క మాత్రం మామూలు ఎండు మొక్కలాగే ఉంటుంది. వాసన ఉండదు, రంగు మారదు.

ఎండాకాలం సెలవులకు ఒక కట్ట షీట్లు ఇంటికి తెచ్చుకున్నాను. మొక్కలను గట్టి తెల్లకాగితాల మీద దారంతో కుట్టి, చీటీలు అంటించడం మిగిలింది. మాది కరీంనగర్‌కు పడమరగా ఉన్న మగ్గాల ఊరు. బాపు, అంటే మా నాయన, గుంట మగ్గంలో కూర్చుని నేస్తుంటే నేను పక్కన గోడకానుకుని కుట్టుకునేవాణ్ణి. సన్న నూలు ఆయనే తీసి ఇచ్చాడు. నేను ముడి వేస్తుంటే ఆయనకు ఒకటే నవ్వు.

"గింత సదువు సదివి మల్ల సూది దారమే వట్టినవా బిడ్డా? గీ పని ఇంట్లనే నేర్పుదును గదా."

మేం అవ్వ అని పిలిచే మా అమ్మ వంగి షీట్లు చూసేది. ఆమెకు చదువు రాదు, ఆకులు వస్తాయి. ఒక్కొక్కటి చూపిస్తే చాలు, పేరు చెప్పేది, ఏ నొప్పికో చెప్పేది. చీటీలో స్థానిక నామం, ఉపయోగం అని రెండు ఖాళీలు ఉంటాయి. వాటిని ఆమెను అడిగే నింపాను. నేలవేము షీట్లు నాలుగు ఉన్నాయి. వాటిని చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"గిది నేలవేమే గదరా! ఎంత జరమున్నా దిగుతది. నాకాడున్న కట్టకు పురుగు వట్టి పిండి పిండయింది. నీదానికి ఒక్క పురుగన్న వట్టలే సూడు. ఎట్ల దాసినవు?"

ఇక్కడ నేను నిజం చెప్పాల్సింది. ఒక్క మాట, 'విషం పూసినం అవ్వా' అని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ కట్టను గడప లోపల ఉండనివ్వదని నాకు తెలుసు. తీసుకెళ్లి పశువుల కొట్టంలో పెట్టమంటుంది. వానొస్తే తడుస్తాయి, నా పని చెడుతుంది. అందుకని మింగేశాను.

"కాలేజీవి అవ్వా. ముట్టకు, ఖరాబైతయి" అన్నాను.

"నేనెందుకు ముడతరా" అంది.

చీటీలో ఉపయోగం అన్న చోట 'జ్వరానికి' అని రాశాను. మంచి అక్షరాలతో రాశాను.

తరువాత చీటీలు అయిపోతే ప్రెస్సులో అచ్చు వేయించుకు రావడానికి కరీంనగర్‌ వెళ్లాను. ప్రెస్సువాడు రేపు మాపు అని నాలుగు రోజులు తిప్పాడు. నేను బయలుదేరిన రోజే బాపుకు చలిజ్వరం వచ్చిందట. నాకు కబురు లేదు. ఐదో రోజు మధ్యాహ్నం బస్సు దిగి ఇంట్లోకి వస్తే మగ్గం చప్పుడు లేదు. బాపు మంచం మీద పక్కకు తిరిగి, కింద పెట్టిన ఇత్తడి తాంబాళంలోకి కక్కుతున్నాడు. అవ్వ వీపు రాస్తోంది.

"జరం దిగింది గని గీ కక్కుడు వట్టుకున్నది. నోరంత రాగి నాకినట్లు ఉన్నదంటుండు" అంది అవ్వ.

నేను నా కట్ట వైపు చూశాను. ఎప్పటిలాగే మడిచి, పైన పీట బరువు పెట్టి ఉంది. విప్పాను. నేలవేము షీట్లు మూడు ఖాళీగా ఉన్నాయి. కాగితం చిరగలేదు, నలగలేదు. దారాలను కత్తెరతో కింద నుంచి కోసి, మొక్కలను మెల్లగా లేపి తీసింది అవ్వ. చీటీలు పదిలంగా ఉన్నాయి. నాకు పని చెడకూడదని ఎంత జాగ్రత్త పడిందో!

"ఎన్నిసార్లిచ్చినవు?"

"నిన్న పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి. ఇయ్యాల పొద్దుగాల ఒకపారి. కొత్త గురిగిల మంచిగ మరగవెట్టిన. ఎందుకురా? ఒక్క షీటు ఉంచిన గదా నీకు. కోపమైతున్నవా?"

కోపం లేదన్నాను. పుస్తకంలో చదివింది ఒక్కటే గుర్తుంది, గుడ్డు తెల్లసొన. పక్కింటికి పరిగెత్తి నాలుగు గుడ్లు తెచ్చి పాలలో గిలకొట్టి తాగించాను. తాగినవి తాగినట్లే బయటికి వచ్చాయి. సాయంత్రం బస్సులో కరీంనగర్‌ తీసుకెళ్లాం. దారి పొడుగునా బాపు నా భుజం మీద తల పెట్టుకుని ఉన్నాడు. అవ్వ ఎదురు సీట్లో కూర్చుని, నేలవేము చలవ చేస్తుంది కదా, అందుకే కడుపు తిప్పి ఉంటుంది అని తనకు తానే చెప్పుకుంటోంది.

ఆసుపత్రిలో డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పాను. అవ్వ నా పక్కనే నిలబడి ఉంది. ఆమెకు అర్థం కాకూడదనే ఆ భాషలో చెప్పాను. డాక్టరు పెద్దాయన. అంతా విన్నాడు, నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. దానికి విరుగుడు సూదిమందు ఒకటి ఉంది, ఇక్కడ లేదు, హైదరాబాద్‌లో దొరకవచ్చు అన్నాడు. మా లెక్చరర్‌ గారు ఊళ్లోనే ఉన్నారు. విషయం చెప్పగానే చొక్కా వేసుకుని బస్సెక్కారు. వెళ్లేముందు ఒక్కటే అన్నారు.

"సీసా మీద అంత పెద్ద బొమ్మ ఉంటుంది. షీటు మీద మనం ఏమీ రాయం. ఎన్నేళ్లుగానో ఇలాగే చేస్తున్నాం, ఎవరికీ తట్టలేదు."

ఆయన మూడో రోజు మందుతో వచ్చారు. డాక్టరు సూది వేశాడు. వేస్తూనే, ఇది మొదటి రోజే పడవలసింది అన్నాడు. అప్పటికే బాపుకు ఒంటికి రావడం ఆగిపోయింది. ముఖం ఉబ్బింది. తెలివి మాత్రం ఉంది, అదే నరకం. నేను మంచం దగ్గర కూర్చుని పాదాలు పట్టేవాణ్ణి. ఇంకేం చేయగలను? వందల మొక్కల పేర్లు వచ్చు నాకు. వాటికి పేర్లు పెట్టిన దొరల పేర్లూ వచ్చు. మా నాయనకు ఒక చెంబెడు మూత్రం తెప్పించడం నాకు రాదు, ఆ డాక్టరుకు రాదు, ఎవరికీ రాదు. పొద్దున లేచి పక్క కింద తడి ఉందేమోనని తడిమి చూసేవాణ్ణి. పొడిగా ఉండేది.

ఆరో రోజు అవ్వ బావి దగ్గరికి నీళ్లకు వెళ్లింది. బాపు కళ్లు తెరిచి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"గా ఆకుకు ఏమో వూసినరు గదా బిడ్డా?"

నేను అబద్ధమాడదామనుకున్నాను. తల దానంతట అదే ఊగింది.

"డాక్టరు మాటిమాటికి ఎంత తాగినవు, ఎంత తాగినవు అని అడుగుతుంటే సమజైంది. నూలుకు గంజి వెట్టినట్లు మీరు గుడ పురుగుకు ఏమన్న వెడతరు గావచ్చు అనుకున్న."

"నేను చెప్పలే బాపు. అవ్వకు చెప్పలే. చెప్పేది ఉండె" అని ఏడ్చాను.

"ఊకో. గిప్పుడు గుడ చెప్పకు. అది తన చేతులతోని పోసింది. ఎర్కైతే బతుకది. నా మీద ఒట్టు, చెప్పనను."

ఆయన నా చేతిని తీసి తన తలమీద తనే పెట్టుకున్నాడు. నా చేతిని పట్టిన ఆయన చేయి ఉబ్బి బరువుగా ఉంది. చెప్పనన్నాను. అప్పుడే అవ్వ కుండతో లోపలికి వచ్చింది. "ఏం ముచ్చట్లు వెడుతుండ్రు తండ్రీ కొడుకులు?" అంటే, మగ్గం మీద సగం గుడ్డ ఉంది, దాన్ని ఎవరితో నేయించాలా అని మాట్లాడుకుంటున్నాం అన్నాడు బాపు. తొమ్మిదో రోజు ఉదయం పోయాడు.

దినాల్లో వచ్చినవాళ్లందరికీ అవ్వ ఒకే సంగతి చెప్పేది. మొదట నాకు అర్థం కాలేదు. మూడో మనిషికి చెబుతుంటే విన్నాను.

"జరమొచ్చిన నాడే ఇద్దామనుకున్న. పిల్లడు ముట్టద్దని చెప్పిండు గదా అని మూడు దినాలు ఆగిన. జరం బాగ ముదిరినంక తీసిన. జరం దిగింది గని, అప్పటికే లోపలంత చెడింది. ఇంకేం పని జేస్తది ఆకు? మొదటి దినమే ఇస్తే బతికెటోడు."

నేను లేచి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఏ మాట దాచితే ఆమె బతుకుతుందని బాపు అనుకున్నాడో, అది దాచినందుకే ఆమె ఇంకో మాట కింద నలిగిపోతోంది. కాదని చెప్పాలని ఎన్నిసార్లో నోరు తెరిచాను. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. చెబితే ఒట్టు పోతుంది. ఒట్టు పోతే పోయె, అవ్వ ఉంటుందా? చేతికి అందే దారి ఒక్కటీ లేదు. నాకు బాపు మీద కూడా కోపం వచ్చేది. చచ్చిపోతూ నా నోరు కుట్టేసి పోయాడని మనసులో తిట్టుకునేవాణ్ణి.

సెలవులయ్యాక కాలేజీకి వెళ్లాను. మిగిలిన షీట్లు అప్పజెప్పాను. లెక్చరర్‌ గారు లెక్క చూడలేదు. ఆ ఏటి నుంచి మా బీరువా తలుపు మీదా, ప్రతి షీటు మీదా ఎర్రసిరాతో 'విషం' అని తెలుగులో, ఉర్దూలో రాయించారు. చదవడం రానివాళ్లకని పక్కన బొమ్మ కూడా వేయించారు. ఆ బొమ్మలు వేసింది నేనే. వేల షీట్లు వేసి ఉంటాను.

అవ్వ ఆ తరువాత చాలా ఏళ్లు బతికింది. కరీంనగర్‌లో నా దగ్గరే ఉండేది. నన్ను నేరుగా అడిగేది కాదు. అన్నం పెడుతూనో, బియ్యంలో రాళ్లు ఏరుతూనో, ఉన్నట్టుండి అనేది: "మొదటి దినమే ఇస్తే బతికెటోడు గదా?" నేను పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయేవాణ్ణి. జవాబు రాకపోతే ఆమె ఇంకో నెలకు మళ్లీ అడిగేది. ఏడేళ్లు అడిగింది. తను చేసింది తప్పో కాదో ఒక్కరు తేల్చి చెబితే చాలు ఆమెకు, చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అరవై ఎనిమిదిలో ఒక వానాకాలం సాయంత్రం, గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ అడిగింది. ఆ రోజు అలసిపోయి ఉన్నాను.

"అవునవ్వా" అన్నాను.

ఆమె తల ఊపింది. చేతిలోని కాయను తుంచి గిన్నెలో వేసింది. మళ్లీ ఎన్నడూ అడగలేదు.