ఇరవై కూపన్లు, ఒక ఉల్లి బస్తా

కూపన్ల మీద నాకున్న మొదటి కోపం ఫోనులోని షాపింగ్ యాప్ వల్ల వచ్చింది. "దేశమంతటా ఉచిత డెలివరీ, ఈ కూపన్ వాడితే నలభై శాతం తగ్గింపు" అని ఊరిస్తుంది. వస్తువు ఎంచుకుని, కూపన్ నంబరు కొట్టి, ఆఖర్న ఏడు నాలుగు నాలుగుతో మొదలయ్యే మా పిన్‌కోడ్ వేయగానే, "క్షమించండి, మీ ప్రాంతానికి ఈ వస్తువు పంపలేము" అంటుంది. దేశమంతటా అన్న మాటలో అండమాన్ లేదన్న సంగతి నేను ఒక మిక్సీ కొనబోయి తెలుసుకున్నాను.

అందుకే పోర్ట్ బ్లెయిర్ బజార్లో ఒక తెలుగువాళ్ల దుకాణం కాగితం కూపన్లు మొదలుపెట్టినప్పుడు నేను ఎగిరి గంతేశాను. ఆ దుకాణంలో ఒక పక్క పప్పులూ ఉప్పులూ, మరో పక్క ఫ్రిజ్‌లూ గ్రైండర్లూ కుట్టు మిషన్లూ అమ్ముతారు. ఐదొందల సరుకు కొంటే ఒక కూపన్. ఇరవై పోగైతే, పదివేలు దాటిన ఏ వస్తువు మీదైనా మూడు వేలు తగ్గిస్తారు. గడువు ఆరు నెలలు. పిన్‌కోడ్ అడగరు.

మాకు కావలసింది అమ్మకు మోటారున్న కుట్టు మిషను. మేముండే బతు బస్తీలో సగం ఇళ్ల జాకెట్లు అమ్మే కుడుతుంది. కాలితో తొక్కే మిషను. రెండేళ్లుగా ఆమె కుడి మోకాలు సాయంత్రమయ్యేసరికి ఉబ్బిపోతోంది, గోడ పట్టుకోకుండా స్టూలు మీద నుంచి లేవలేదు. డాక్టరు తొక్కడం తగ్గించమన్నాడు. బస్తీలో జాకెట్లు కుట్టించుకునేవాళ్లు మాత్రం ఏమీ తగ్గించుకోలేదు. మోటారు మిషను పదకొండున్నర వేలు. కూపన్లు పోను ఎనిమిదిన్నర వేలు కావాలి.

ఈ పథకానికి ఆర్థిక మంత్రిని నేనే. టూరిస్టులకు బోటు టికెట్లు బుక్ చేసే కౌంటర్లో ఉద్యోగం నాది. నెలనెలా జీతంలోంచి కొంత తీసి కవరులో పెట్టాను. పదిహేను రోజులకోసారి ఏం వండాలో ముందే రాసుకుని, ఆ చీటీలో ఉన్నవే కొనాలన్నాను. కూపన్ కోసం ఏదీ కొనకూడదన్నాను. నాన్నకు ఇదే మింగుడు పడలేదు.

"మూడొందలవి కొన్నాం. ఇంకో రెండొందలవి కొంటే కూపనొచ్చేస్తాది గదే."

"ఒక కూపన్ విలువ నూట యాభై నాన్నా. రెండొందలు ఖర్చుపెట్టి నూట యాభై మిగుల్చుకుందామా?"

"అలా లెక్కలేత్తే ఎవడూ బాగుపడడు," అన్నాడు నాన్న, అక్కర్లేని షాంపూ సీసాను తిరిగి అరలో పెడుతూ.

నాలుగో నెలలో గల్లాపెట్టె దగ్గరున్న దుకాణదారే అమ్మతో గొంతు తగ్గించి, "అక్కా, మనోల్లమే గదా. ఇంకో మూడు కూపన్లు ఊరికే ఏసేత్తాను, గబుక్కున అయిపోద్ది," అన్నాడు. అమ్మ అతని వైపు, అతను దొంగ నోటేదో ఇస్తున్నట్టు చూసింది. "మనోడివి గాబట్టే ఒద్దు తమ్ముడూ. రేపు నువ్వు నా కొలతల్లో తేడా అడిగితే నేనేటి సెప్పాల?" అంది. అతనికీ కొలతలకీ సంబంధమేమిటో అతనికి అర్థం కాలేదు, నాకూ కాలేదు. కానీ మూడు కూపన్లు పోయాయని మాత్రం నాకు స్పష్టంగా అర్థమైంది.

అయినా ఆరో నెల ఆఖరి వారానికి ఇరవై కూపన్లు వచ్చాయి. మా తేమకు కాగితం వారంలో బూజు పడుతుంది కాబట్టి వాటిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, డబ్బున్న కవరుతో కలిపి బియ్యం డబ్బా వెనక దాచాను. కవరులో సరిగ్గా ఎనిమిది వేల ఐదొందలు. ఆదివారం అమ్మను తీసుకెళ్లి మిషను కొనడమే మిగిలింది. ఆ ఆదివారమే గడువుకు ఆఖరి రోజు కూడా. నాకు అంత ధైర్యం ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు. ఇంట్లో నాన్న ఉన్నాడన్న సంగతి మరిచిపోయాననుకుంటాను.

నాన్న చాతం నుంచి బాంబూఫ్లాట్‌కు తిరిగే ఫెర్రీ మీద పని చేస్తాడు. తాడు విసరడం, తాడు కట్టడం. ఆ పడవ దాటే నీళ్లకు అవతలి గట్టు మీద మేకలు కూడా కనిపిస్తుంటాయి. అయినా బస్తీ దృష్టిలో ఆయన సముద్రానికి అధికార ప్రతినిధి. మెయిన్‌ల్యాండ్ నుంచి సరుకుల ఓడ ఎప్పుడొస్తుందో ఆయన్నే అడుగుతారు. ఓడ రాకపోతే కూరగాయల ధర రాత్రికి రాత్రి ఎగిరిపోతుంది కాబట్టి ఇక్కడ అందరికీ ఆ భయం ఉంటుంది. ఆలస్యం అన్న మాట గాల్లో వినబడితే చాలు, అప్పటివరకు కబుర్లాడుకుంటున్న నలుగురూ సంచులు పట్టుకుని నాలుగు దిక్కులకు పోతారు.

బుధవారం పొద్దున టీ కొట్టులో ఎవరో అడిగితే నాన్న ఆకాశం వైపు చూసి, "గాలి బాగోనేదు. ఓ రోజు లేటవుద్దేమో," అన్నాడట. అంతే అన్నాడు. అందులోనూ 'ఏమో' ఉంది.

ఆ మాట టీ కొట్టులోంచి బయటికొచ్చి, మా పక్కింటి దీదీ చెవిలో పడి, అక్కడినుంచి చేపల బండి వాడి దగ్గరికీ, రేషన్ దుకాణం వరుసలోకీ వెళ్లింది. ఒక్కో మలుపులో దానికి మూడు రోజులు కలిశాయి. 'ఏమో' ఎక్కడో రాలిపోయింది. సాయంత్రం డ్యూటీ దిగి నాన్న కూరగాయల దుకాణానికి వెళ్లేసరికి అక్కడ తోపులాట. ఏమిటి భయ్యా అంటే, "పంద్రా దిన్ షిప్ నహీ ఆయేగా," అన్నాడు దుకాణం వాడు. పదిహేను రోజులు ఓడ రాదట. ఎవరు చెప్పారంటే, "జెట్టీలో పనిచేసే మనిషే చెప్పాడట, పక్కా ఖబర్."

జెట్టీలో పనిచేసే మనిషి ఇంటికి పరుగెత్తుకొచ్చి, బియ్యం డబ్బా వెనక నుంచి రెండు వేలు తీసుకుని, కిలో ఎనభై చొప్పున పాతిక కిలోల ఉల్లిపాయల బస్తా భుజాన వేసుకుని తిరిగొచ్చాడు.

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బస్తా వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. దాన్ని దాటి లోపలికి వెళ్లడానికి కాలు ఎత్తాల్సి వచ్చింది.

"ఏంటిది?"

"ఉల్లిపాయలు," అన్నాడు నాన్న. కొన్ని ప్రశ్నలకు ఆయన ఎంత సూటిగా జవాబు చెబుతాడో.

"ఎక్కడి డబ్బులు?"

"పదేను రోజులు షిప్పు రాదటే. వచ్చే వారం నూటేబై అయిపోద్ది. అప్పుడు మిగిలేదంతా లాభమే గదా. జెట్టీలో ఎవడో ఖచ్చితంగా సెప్పాడంట."

"జెట్టీలో ఎవరు నాన్నా?"

"ఎవడో... పని సేసేవోడు."

"పొద్దున టీ కొట్టులో నువ్వేమన్నావు?"

నాన్న ఆలోచించాడు. ఆయన మొహంలో ఆలోచన ఫెర్రీలాగే నెమ్మదిగా దాటింది, కానీ అవతలి గట్టుకు చేరింది. "అబ్బే," అన్నాడు. "నేను ఒక్క రోజే అన్నాను. ఈల్లు పదేను అంతన్నారు. ఆడు వేరేవోడై ఉంటాడు."

సొంత మాటకు తనే మోసపోయిన మనిషిని తిట్టడానికి మాటలు ఉండవు. అయినా ఉన్నన్ని వాడాను. అమ్మ మాత్రం మిషను దగ్గర్నుంచి లేచి, మోకాలి మీద చెయ్యి వేసుకుని వంగి, బస్తా లోపల కుళ్లిన ఉల్లిపాయలు కలిశాయేమో చూసింది. "గడ్డ బాగుంది," అంది. నా కోపానికి ఎవరూ తోడు రాకపోవడం నాకు మరింత కోపం తెప్పించింది.

మర్నాడు పొద్దున ఏడున్నరకు నాన్న ఫెర్రీ మీద నుంచి ఫోన్ చేశాడు. వెనక ఇంజిన్ చప్పుడు. "ఒలే," అన్నాడు, "పెద్ద ఓడ లోనికొచ్చేత్తంది. సరుకుల ఓడే. కళ్ల ముందరే ఉంది." ఆలస్యం ఒక్క రోజు కూడా కాలేదు. ఫోను పెట్టేసే ముందు, "అమ్మకి సెప్పకు, నేనే సెప్తాను," అన్నాడు. ఫోను స్పీకర్లో ఉంది. అమ్మ దోసె తిరగేస్తూ వింటూనే ఉంది.

ఐదు నిమిషాల్లో పక్కింటి దీదీ సంచితో వచ్చింది. దుకాణాల్లో ఉల్లిపాయలు అయిపోయాయట. ఇంట్లో ఆదివారం పాతికమందికి భోజనాలు ఉన్నాయట. "భాభీ, దస్ కిలో దే దో. సౌ రూపయే కిలో దూంగీ," అంది. పది కిలోలు, కిలో వంద. వెయ్యి రూపాయలు. నా తలలో లెక్క దానంతట అదే తిరిగింది: మిగతావి ఇంకో ఇద్దరికి ఇలాగే అమ్మితే కవరు మళ్లీ నిండుతుంది, పైన ఐదొందలు మిగులుతాయి, ఆదివారం మిషను ఇంట్లో ఉంటుంది. నేను అబద్ధం చెప్పనక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. నా జీవితంలో నోరు మూసుకుంటే లాభం వచ్చే సందర్భం అదొక్కటే.

అమ్మ గరిటె పక్కన పెట్టింది. "షిప్ ఆ గయా దీదీ. మా ఆయన ఇప్పుడే సూశాడు. కల్ సస్తా హో జాయేగా. రేపు తక్కువకి కొనుక్కో," అంది.

"సచ్?"

"సచ్. నిజంగానే. ఇవ్వాలకి కావాలంటే ఓ కిలో తీస్కెల్లు."

దీదీ అమ్మ చెయ్యి పట్టుకుని దీవించి, ఒక కిలో ఉచితంగా తీసుకుని, ఓడ వచ్చిందన్న వార్తను బస్తీ అంతటికీ చెప్పడానికి వెళ్లింది. ఈసారి ఆ వార్తలో ఒక్క అక్షరం కూడా మారలేదు. మాకు నష్టం తెచ్చే కబురును మాత్రం ఈ బస్తీ ఎంత జాగ్రత్తగా మోస్తుందో చూశారా.

"అమ్మా," అన్నాను, "నీ మోకాలు..."

"దీదీది మాత్రం మోకాలు కాదేటి? పాతిక మందికి వండాలి." వాక్యం పూర్తయినట్టు దోసె తిప్పింది.

శుక్రవారానికి ధర నలభై ఐదుకు దిగింది. నాన్న ఆ ధరకే పదిహేను కిలోలు తెలిసిన టిఫిన్ హోటలుకు మోసుకెళ్లి ఇచ్చి, ఆరొందల డెబ్భై ఐదు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా కళ్లలోకి చూడలేదు. జీతం ఐదో తారీఖున గానీ రాదు. కవరులో ఏడు వేల నూట డెబ్భై ఐదు. మిషనుకు పదమూడొందల పాతిక తక్కువ.

ఆదివారం దుకాణానికి వెళ్లాం, ఎందుకో తెలియకుండానే. ఇరవై కూపన్లూ బల్ల మీద పేర్చాను. దుకాణదారు బాధపడ్డాడు. "బిల్లు ఈ రోజు తేదీతో రాసేత్తాను, డబ్బులు ఒచ్చే నెల ఇద్దురు అక్కా," అన్నాడు. అమ్మ కూపన్ వెనక సన్న అక్షరాలు చూపించింది. పూర్తి సొమ్ము కట్టిన రోజే కూపన్ చెల్లుతుందని ఉంది. ఆమె తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, అయినా ఆ దుకాణంలో షరతులు చదివిన మొదటి మనిషి ఆమే అయి ఉంటుంది.

అప్పుడు అమ్మ అర మీద పిడికిలంత నల్లటి వస్తువు చూపించి, "అదెంత?" అంది.

"అది మోటారు ఒక్కటే అక్కా. పాత మిషనుకి బిగించుకోవచ్చు. పద్దెనిమిదొందల ఏబై. దానికి కూపన్ రాదు."

"రాకపోతే పోనీ. నా మిషనుకి పడతాదా?"

"నీది ఇనప బాడీయే గదా? పడకపోవడమేటి. మా మెకానిక్‌ని పంపుతాను."

నేను అమ్మ వైపు తిరిగాను. పద్దెనిమిదొందల యాభై. రెండో నెలకే కవరులో అంతకన్నా ఎక్కువ ఉంది.

"నీకు ఇది ముందే తెలుసా?"

"ఉంటాదని ఇన్నాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగనేదు గదే. మోకాలు నొప్పంటే నువ్వూ మీ నాన్నా కూడి కొత్త మిషనన్నారు. చీటీలు రాసేత్తన్నావు, షాంపూలు తీయించేత్తన్నావు. ఉషారుగా ఉన్నావు గదాని ఊరుకున్నాను."

ఆరు నెలల నా బడ్జెట్‌లో పప్పు దగ్గర్నుంచి సబ్బు దాకా అన్నిటికీ గడులున్నాయి. మిషను ఎవరు తొక్కుతారో వాళ్లను ఏం కావాలో అడగడానికి మాత్రం గడి లేదు. ఉల్లి బస్తా వల్ల పోయింది పదమూడొందల పాతిక. నా తెలివి వల్ల అమ్మ నాలుగు నెలలు అదనంగా తొక్కింది. నాన్నను తిట్టిన తిట్లలో కొన్ని వెనక్కి తీసుకోవాలనిపించింది, కానీ ఆయనకు ఆ సంగతి చెప్పలేదు. పాడైపోతాడు.

కూపన్లు ఫ్రిజ్ కొంటున్న ఒకాయనకు ఇచ్చేద్దామనుకుంటే, అమ్మ మళ్లీ వెనక అక్షరాలు చూపించింది. ఇతరులకు బదిలీ చేయరాదు.

సాయంత్రం మెకానిక్ వచ్చి అరగంటలో మోటారు బిగించాడు. అమ్మ స్టూలు మీద కూర్చుని కిందున్న మోటారు పెడల్ మీద పాదం ఆనించింది. జాకెట్ గుడ్డ ఆమె చేతుల్లోంచి పారిపోయింది. "ఓలమ్మో!" అని కాలు తీసేసింది. నలభై ఏళ్ల అలవాటు కదా, మళ్లీ ఆనించినా పాదం ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంది, మిషను పరుగెత్తుతూ ఆగుతూ వెక్కిళ్లు పెట్టింది.

"స్లో, స్లో," అని నాన్న చేతులు ఊపాడు, పడవను జెట్టీకి చేరుస్తున్నట్టు. "ఊరికే ఆనించు. బస్. అంతే."

"నువ్వు మాటాడకు. నువ్వొక మాటంటే ఊరంతా ఉల్లిపాయలు కొంతాది."

వారం పట్టింది ఆమె పాదం కుదురుకోవడానికి. ఆ శనివారం వరసగా మూడు జాకెట్లు కుట్టి, దారం తెంపి, స్టూలు మీద నుంచి లేచింది. గోడ పట్టుకోలేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నానని గమనించింది.

"ఏటలా సూత్తన్నావు? బియ్యం కడుగు, ఎల్లు."