ఖాళీ క్యాబిన్‌లో మోగిన బెల్లు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను చూసి నవ్వే మనిషిని నేను. మాది కడియం. పదకొండేళ్ళుగా దూరప్రయాణపు రైళ్ళలో ఫస్ట్ ఏసీ కోచ్ అటెండెంటుని. దుప్పట్లివ్వడం, కుళాయిలో నీళ్ళు రాకపోతే తిట్లు తినడం, బెల్లు మోగితే పరిగెత్తడం నా పని. యార్డులో ఖాళీ బోగీల్లో ఒంటరిగా ఎన్నిసార్లు పడుకున్నానో లెక్కలేదు. ఏనాడూ భయం వేయలేదు.

ఇది జరిగింది పట్టపగలు. హైదరాబాద్ వైపు నుంచి వస్తున్న మా రైలు నిడదవోలు దాటేసరికి ఉదయం పదయింది. కోచ్‌లో మిగిలింది ముగ్గురే. 'ఏ' క్యాబిన్‌లో సువార్తమ్మ గారని ఒక రిటైర్డ్ టీచరు ఒంటరిగా ఉన్నారు. రాజమండ్రిలో దిగాలి. పొద్దున్న టీ ఇస్తే, "కోచ్ అద్దంలా ఉంచారు బాబూ" అన్నారు. మా ఉద్యోగంలో అలాంటి మాట అరుదు.

కాసేపటికి నా సీటు దగ్గరి బోర్డులో 'డి' లైటు వెలిగి బెల్లు మోగింది. డి క్యాబిన్ వాళ్ళు విజయవాడలోనే దిగిపోయారు. తాళం వేసింది నేనే. వెళ్ళి తీసి చూశాను. ఎవరూ లేరు.

వచ్చి కూర్చోగానే మళ్ళీ మోగింది. పాడైపోయింది, మోగితే మోగనీ అనుకున్నాను. ఈసారి ఆగలేదు. ఎవరో వేలు తీయకుండా నొక్కిపట్టినట్టు ఒకటే మోత. విసుక్కుంటూ లేచాను.

డి పక్కనే బాత్రూమ్. తలుపు కిందనుంచి నీళ్ళు వస్తున్నాయి.

"లోపల ఎవరండీ?"

జవాబు లేదు. సరిగ్గా అప్పుడే బెల్లు ఆగింది.

నా దగ్గరున్న తాళంచెవితో గడియ తిప్పి, భుజంతో నెట్టాను. సువార్తమ్మ గారు గోడవారగా జారిపడి ఉన్నారు. ఒళ్ళంతా చల్లటి చెమట. నా కేకకు 'బి' క్యాబిన్‌లో ఉన్న ఒక నర్సు పరిగెత్తుకొచ్చింది.

"షుగర్ పడిపోయిందండీ. మింగగలుగుతున్నారు, పంచదార తెండి!"

టీ కోసం ఉంచిన పొట్లాలన్నీ చించి నీళ్ళలో కలిపాను. నర్సు చెంచాతో కొంచెం కొంచెంగా పట్టింది. టీటీఈ గారు రాజమండ్రికి ఫోన్ చేసి డాక్టరును రమ్మన్నారు.

రైలు గోదావరి బ్రిడ్జి మీద ఉండగా సువార్తమ్మ గారు కళ్ళు తెరిచారు.

"ఏ స్టేషను బాబూ?"

"రాజమండ్రి వచ్చేస్తోందండీ!" పందెం గెలిచినవాడిలా అరిచాను.

ప్లాట్‌ఫారం మీద స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. ఆవిడ అది వద్దని, నా భుజం పట్టుకుని నడిచే దిగారు. "ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదండి" అన్నారు డాక్టరు గారు. స్టేషనుకు వచ్చిన సువార్తమ్మ గారి అబ్బాయి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాడు. చుట్టూ జనం చప్పట్లు కొట్టారు. ఆ క్షణం నా నీలం యూనిఫాంలో నేను మహారాజుని.

"బెల్లు కొట్టి మంచి పని చేశారండీ" అన్నాను ఆవిడతో, బాత్రూమ్‌లోంచి తనే ఎలాగో మోగించి ఉంటారనుకుని.

"బెల్లా? నేను కొట్టలేదు బాబూ. కళ్ళు తిరగడం వరకే గుర్తు."

విశాఖలో ఎలక్ట్రీషియన్‌తో డి క్యాబిన్ స్విచ్ విప్పించాను. లోపల వైరే లేదు. పెట్టెలో ఉన్నది దుమ్ము మాత్రమే.

"దీన్ని ఎప్పుడో తీసేశారండీ. ఇదెలా మోగుద్ది?" అన్నాడు. నా ఎదురుగానే పదిసార్లు నొక్కి చూపించాడు. మోగలేదు.

ప్రార్థన ఫలితం అంటారు సువార్తమ్మ గారు. చనిపోయిన మా నాన్నే మోగించాడంటుంది మా ఆవిడ. నేను ఏదీ కాదనలేను, ఔననలేను. ఎవరు పిలిచారో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

పోయిన నెల సువార్తమ్మ గారు మళ్ళీ నా కోచ్ ఎక్కారు, మనవరాలి పెళ్ళికి వెళుతూ. పెట్టె అందుకోబోతే నవ్వి, తనే ఎత్తుకుని చకచకా లోపలికి నడిచారు.