కౌన్సిలర్ గారి కుడిచెయ్యి

మా కౌన్సిలర్ గారు ప్రభువు నందు నిద్రించారు. బుధవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి, "అక్కా, నాన్న లేవలేదు" అంది. ఇంకేమీ అనలేకపోయింది. వెనకాల ఎవరెవరో ఇంగ్లీషులో అరుచుకుంటున్న శబ్దం వినిపిస్తోంది. అది ఇంగ్లండు పార్లమెంటు. బుధవారం అక్కడ మధ్యాహ్నం ప్రధానమంత్రిని ప్రశ్నలడిగే వేళకి, ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో మనకి తెల్లవారుతుంది. ఆయన ఏ బుధవారమూ అది చూడకుండా ఉండరు. అందుకని ఆ పిల్ల ప్రతి బుధవారంలాగే టాబ్లెట్‌లో పెట్టి, రాగిజావ పట్టుకుని గదిలోకి వెళ్లింది. ఆయన కదల్లేదు. దాన్ని కట్టెయ్యడానికి ఆ పిల్లకి చేతులు రాలేదు. నేను వెళ్లేసరికి కూడా ఆ పెద్దమనుషులు ఆర్థిక వృద్ధి, వృద్ధి అని ఒకళ్లమీద ఒకళ్లు కేకలేసుకుంటూనే ఉన్నారు. వాళ్ల కోసం ఇన్నేళ్లూ ప్రార్థించిన మనిషి పక్కనే నిశ్శబ్దంగా పడుకుని ఉన్నాడు.

మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. మన ఆదివారపు సహవాసంలో వెనక వరసలకి కాస్త ముందు, గోడ పక్కన, ముదురు నీలం కోటు వేసుకుని కూర్చునే పెద్దాయన. ఆగస్టు ఉక్కలో కూడా ఆ కోటు విప్పేవారు కాదు. నర్సాపురం దగ్గర పుట్టారు. లెక్కల మాస్టారుగా ఇంగ్లండు వెళ్లి, ఉత్తరాన ఒకప్పుడు నూలు మిల్లులు నడిచిన ఒక ఊళ్లో స్థిరపడ్డారు. అక్కడి జనం ఓట్లేసి ఆయన్ని తమ ఊరి కౌన్సిల్‌కి పంపించారు. మన మునిసిపాలిటీల్లో ఉండే పదవి లాంటిదే. భార్య పోయాక కూతురి దగ్గరికి, ఇక్కడికి వచ్చేశారు. పదవి వెనకే ఉండిపోయింది, కౌన్సిలర్ గారన్న పిలుపు మాత్రం ఆయనతో సముద్రం దాటింది.

ఆయన కుడిచెయ్యి చూసి మనం నవ్వుకునేవాళ్లం. దాచడమెందుకు. ఆదివారం మన వ్యాను వచ్చే వేళకి ఆయన ఇంటి ముందు మెయిల్‌బాక్స్ పక్కన నిలబడేవారు. వ్యాను మలుపు తిరగ్గానే కుడిచెయ్యి పక్కకి చాపేవారు. ఇంగ్లండులో బస్సు ఆపాలంటే అలా చాపాలట, లేకపోతే డ్రైవరు చూస్తూనే దాటిపోతాడట. "అంకుల్, మేం వచ్చేదే మీకోసం కదా, చెయ్యెత్తకపోయినా ఆగుతాం" అని వ్యాను నడిపే అబ్బాయి ఎన్నిసార్లు చెప్పాడో. "దానంతటదే ఆగుతుందని ఎప్పుడూ అనుకోకు బాబూ" అనేవారాయన. కూతురి గరాజ్‌లో కార్లున్నా ఆయన ఎక్కింది ఆ వ్యానే.

అదే చెయ్యి ఆరాధనలో లేచేది కాదు. పాట ఊపందుకుని హాలంతా చేతులు పైకెత్తి స్తుతిస్తుంటే ఆయన ఎడమచెయ్యి మాత్రం భుజం దాకా లేచేది. కుడిచెయ్యి మోకాలి మీదే ఉండిపోయేది. "కౌన్సిలర్ అంకుల్‌కి ఆత్మ సగమే తగిలినట్టుంది అక్కా" అన్నాడు ఓసారి సంఘం డబ్బు లెక్కలు చూసే మన ట్రెజరర్ తమ్ముడు నా చెవిలో. "మిగతా సగం నీ దగ్గరుందేమో చూసుకో" అన్నాను. ఆయన విన్నారో లేదో తెలియదు.

ఒక ఏడాది ఆకులు రాలే రోజుల్లో, ప్రార్థన చేసి వద్దామని పులిహోర పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. "ఇవాళ తిననమ్మా, ఉపవాసం" అన్నారు.

"మన ఉపవాస ప్రార్థన శుక్రవారం కదండీ?"

"అక్కడ బడ్జెట్."

నేను నవ్వబోయి ఆగిపోయాను. మన దేశం కాదు, ఇప్పుడున్న దేశమూ కాదు. వదిలేసి వచ్చిన దేశపు బడ్జెట్ కోసం అన్నం మానేసి మోకాళ్లూనిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఎందుకని అడిగాను. ఆయన పిల్లలకి లెక్క చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు.

"ఒక ప్రభుత్వం వచ్చి, ముందు ఖర్చులు తగ్గించి నడుం బిగిద్దాం, వృద్ధి వెనకాలే వస్తుందంది. బిగించిన నడుం ఊళ్లది. తర్వాత, యూరప్ నుంచి బయటపడితే వస్తుందన్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు పన్నులు తగ్గిస్తే పరిగెత్తుకొస్తుందన్నారు, ఆ లోటు ఎలా పూడుస్తారో చెప్పలేదు. మార్కెట్లు హడలిపోయాయి, ఇంటి మీద అప్పున్నవాళ్ల నెత్తిన వడ్డీ పడింది. మా ఉత్తరాదికి కొత్త రైలన్నారు. నేల తవ్వారు, చెట్లు కొట్టారు, మా వైపు రాకుండానే చాలన్నారు. ఇంకో పార్టీ వచ్చింది. వృద్ధే మా మొదటి పని అంటూనే, మనిషిని పనిలో పెట్టుకున్న యజమాని కట్టే పన్ను పెంచింది. అందరూ ఆ ఒక్కదాని కోసమే పరిగెత్తారమ్మా. అది ఎక్కడ నిలబడి ఎదురుచూస్తోందో ఎవరూ చూడలేదు."

మన సంఘంలో వాక్యం చెప్పే నాకు బైబిలు కాలేజీ చదువు లేదు గానీ, ఇలాంటివి వింటే నోరూరుకోదు. "ఇది బైబిల్లో ఫరో రాజు పని కాదాండీ? బానిసలకి గడ్డి ఇవ్వనన్నాడు, ఇటుకలు మాత్రం ఒక్కటి తగ్గకూడదన్నాడు" అన్నాను.

"ఫరో దుర్మార్గుడు కాబట్టి తిట్టడం తేలిక. వీళ్లలో చాలామంది మంచివాళ్లే. మంచివాళ్లు చేసే తప్పుకి ఎవరు అడ్డం పడతారు?" అన్నారు. తర్వాత, "సరే, ఆర్థిక మంత్రి కోసం ప్రార్థించు" అన్నారు.

"పేరు చెప్పండి."

"పదవి చెప్పు చాలు. నీ ప్రార్థన పైకి చేరేలోపు మనిషి మారిపోవచ్చు."

ఆ ఇంట్లో మోకాళ్ల మీద ఉండి నవ్వాపుకోలేకపోయింది అదొక్కసారే.

మొన్న జనవరిలో జరిగింది ఇప్పుడు చెప్పాలి. ఆ రోజు లేనివాళ్లు కూడా తెలుసుకోవాలి. కొత్త సంవత్సరపు మొదటి ఆదివారం మనం వాగ్దాన కార్డులు తీస్తాం కదా. పళ్లెంలో చీటీలుంటాయి, ఒక్కొక్కరూ ఒకటి తీసి, అందులో ఉన్న వచనాన్ని ఆ ఏడాదికి దేవుడు తనకిచ్చిన మాటగా పట్టుకుంటారు. సంఘం తరఫున ట్రెజరర్ తమ్ముడు తీశాడు. నీ గుడారపు చోటు పెద్దది చేసుకో అన్న భావమున్న మాట వచ్చింది. హాలు హోరెత్తిపోయింది. ఎన్నాళ్లుగానో అమెరికన్ చర్చి వాళ్ల హాలు అద్దెకి తీసుకుని, వాళ్ల ఆరాధనా, ఆ తర్వాత కాఫీ అయ్యేదాకా బయట నిలబడుతున్నవాళ్లం. సొంత మందిరం మన అందరి కల.

ఆ ఊపులోనే తమ్ముడు లేచాడు. వరంగల్ వాడు, తెలివైనవాడు, సంఘం కోసం ఆదివారాలన్నీ ధారపోసినవాడు. "ఇది దేవుని మాట. మనం గ్రో కావాలంటే బిల్డింగ్ కావాలె. బిల్డింగ్ ఉంటే ఫ్యామిలీలు వాటంతటవే వస్తయ్. కొన్నాళ్లు వ్యాను ఆపుదాం. ఇన్సూరెన్స్, గ్యాస్, రిపేర్లు, అదంతా బిల్డింగ్ ఫండ్‌లో వేద్దాం. మెంబర్స్ చేతులెత్తండి" అన్నాడు.

వ్యాను ఎక్కేది ఎవరో మీకు తెలుసు. కారు లేని ఎమ్మెస్ పిల్లలు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు. మన చీరాల పెద్దమ్మ. ఆమె కూతురూ అల్లుడూ ఆస్పత్రిలో వారాంతాలు డ్యూటీ చేస్తారు. వారమంతా ఆమె మాట్లాడేది మనవడితో. ఆ పిల్లాడికి తెలుగు అర్థమవుతుంది గానీ తిరిగి మాట్లాడటం రాదు. ఆమెకి మనుషుల మధ్య నోరు విప్పే రోజు ఆదివారం, ఆ ఆదివారానికి దారి ఆ వ్యాను. వీళ్లెవరూ మెంబర్లు కారు. వాళ్లకి ఎత్తడానికి చెయ్యి లేదు. వెనక వరసల్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ముందు వరసల్లో చేతులు లేస్తున్నాయి.

"లెక్క పెట్టే ముందు ఒక్క మాట" అని గోడ పక్క నుంచి వినిపించింది. కౌన్సిలర్ గారు లేచి నిలబడ్డారు. "ఎత్తిన చేతులు దించకండి. అమ్మా, ఆ వచనం కార్డులో సగమే ఉంది. మిగతా సగం చదువు."

నేను బైబిలు తీసి చదివాను. గుడారం పెద్దది చెయ్యమన్న చోటే తాళ్లు పొడుగు చెయ్యమనీ, మేకులు గట్టిగా దిగగొట్టమనీ ఉంది. అన్నేళ్లుగా ఆ మాట మీద నిప్పులు కక్కుతూ ప్రసంగాలు చేశాను గానీ, ఆ మేకులు నా కంటికి అప్పుడే కనిపించాయి.

"మేకులు పీకేసి గుడారం పెద్దది చెయ్యడం ఎలాగో నాకు తెలుసు. నేను చేశాను" అన్నారాయన.



"లండన్‌లో ప్రభుత్వం మా కౌన్సిల్‌కి ఇచ్చే సొమ్ము తగ్గించేసింది. అక్కడున్నది మా పార్టీ కాదు, అందుకని వాళ్లని ఎంత తిట్టినా తప్పులేదనుకున్నాం. కానీ కోసింది లండనయితే, ఎక్కడ కొయ్యాలో చూపించింది మేం. సాయంత్రం బస్సు కొయ్యమని చూపించాం. ఎక్కేవాళ్లు తక్కువ, మీటింగులకొచ్చి అరిచేవాళ్లు అసలు లేరు. చేతులెత్తమన్నారు. నేను ఎత్తాను, ఇదిగో ఈ చెయ్యే. మా ఊళ్లో బిస్కెట్ ఫ్యాక్టరీ ఉండేది. అందులో సాయంత్రం షిఫ్టు చేసేవాళ్లు ఆ బస్సు మీదే వెళ్లేవాళ్లు. బస్సు పోయింది, మనుషులు మానేశారు, షిఫ్టు మూసేశారు. వృద్ధి మా ఊరికి ఆ బస్సులోనే వస్తూ పోతూ ఉండేది. దాన్ని ఆపేసి, వృద్ధి ఎందుకు రావడం లేదని మీటింగులు పెట్టాం."

ట్రెజరర్ తమ్ముడు ఊరుకోలేదు. చెయ్యి ఎత్తే ఉంది. "అంకుల్, అది మీ ఇంగ్లండు. అక్కడ వర్క్ కాలేదని ఇక్కడ కాదా? ఇది అమెరికా."

"అమెరికా కాబట్టే చెబుతున్నాను నాన్నా. అక్కడ బస్సు పోతే తిట్టుకుంటూ నడిచారు. ఇక్కడ నడవడానికి ఫుట్‌పాత్ కూడా లేదు."

ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఆ షిఫ్టు చేసే ఆవిడ ఒకరు నా దగ్గరికి వచ్చారు. ఎవరు చెయ్యెత్తారో ఆవిడకి తెలియదు. నేనే అని చెప్పాను. తిడుతుందనుకున్నాను. 'పోనీలే లవ్' అంది. అక్కడ అందర్నీ అలాగే పిలుస్తారు. పోనీలే లవ్ అని, వర్షంలో నడుచుకుంటూ వెళ్లిపోయింది. చెయ్యెత్తేటప్పుడు నేను మా పార్టీ నాయకుడి వైపు చూశాను. వెనక కుర్చీల్లో ఎవరున్నారో తిరిగి చూడలేదు. మీరు నాలా చెయ్యకండి. వ్యాను ఆపాలంటే ఆపండి, మీ ఇష్టం. కానీ ఆ చేతులు అలాగే ఉంచి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి."

తిరిగారు. నేను ప్రసంగ వేదిక దగ్గర నిలబడి అన్నీ చూశాను. ఎత్తిన చేతులతో మన జనమంతా వెనక్కి తిరిగి, వెనక వరస వైపు చూశారు. చీరాల పెద్దమ్మ ఎవరి వైపూ చూడకుండా, ఒళ్లో ఉన్న కొంగు చివర మడత పెడుతోంది, మళ్లీ విప్పుతోంది. పక్కనున్న పిల్లలు ఫోన్లు లోపల పెట్టేసి తలలు దించుకున్నారు. ముందు ఎవరి చెయ్యి దిగిందో చెప్పలేను. గాలి పోయిన తెరచాపల్లా ఒక్కొక్కటీ కిందికి వచ్చాయి. అందరికన్నా ఆఖరున ట్రెజరర్ తమ్ముడిది. దించి, మొహం తుడుచుకుని, "వ్యాను ఉండాలనేవాళ్లు" అన్నాడు.

అప్పుడు కౌన్సిలర్ గారి కుడిచెయ్యి లేచింది. పైకి కాదు, పక్కకి. మెయిల్‌బాక్స్ దగ్గర చాపినట్టే.

దావీదు రాజు గురించి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఆయన తప్పు ఆయనకి చూపించడానికి దేవుడు ఒక ప్రవక్తని పంపాల్సి వచ్చింది. ఈ మనిషికి ఎవరూ రాలేదు. పదవి లేదు, అడిగే ఓటరు లేడు, ఆ ఊరికీ మనకీ మధ్య మహాసముద్రం ఉంది. ఎవరికీ తెలియని తన చేతి తప్పుని తానే తెచ్చి అందరి ముందూ పెట్టాడు. రాజ్యాలేలేవాళ్లలో ఇలాంటి ధైర్యం ఒక్కరికుంటే ఒక దేశం బాగుపడేదేమో. ఆ ఒక్కరు మన అద్దె హాల్లో, గోడ పక్కన, కోటు వేసుకుని కూర్చున్నారు.

మందిరం ఇంకా కట్టలేదు. ఇప్పటికీ అమెరికన్ వాళ్ల కాఫీ అయ్యేదాకా బయటే నిలబడుతున్నాం. "అయితే బిల్డింగ్ ఎప్పుడు అంకుల్?" అని తమ్ముడు ఆయన్ని ఆటపట్టించేవాడు. "కడదాం నాన్నా, అందరం కలిసి వెళ్లేలా కడదాం" అనేవారు. ఆ తర్వాతైనా ఆరాధనలో కుడిచెయ్యి లేస్తుందనుకున్నాను. లేవలేదు. ఉండబట్టలేక ఒకసారి అడిగేశాను. "దేవుడు క్షమించాడండీ, ఇంకా ఎందుకు?" అన్నాను. "క్షమించాడమ్మా, తెలుసు. ఈ చేతికి ఆదివారం పొద్దున వేరే పని ఇచ్చాడు" అన్నారు.

శనివారం ఆయన్ని సమాధుల తోటకి తీసుకువెళ్లారు. మన వ్యాను కాస్త ముందే వెళ్లింది. పిల్లలూ, చీరాల పెద్దమ్మా, నేనూ దిగి, గేటు పక్కన రోడ్డు వారగా నిలబడ్డాం. ట్రెజరర్ తమ్ముడు ఆఫీస్ కాల్ మధ్యలో వదిలేసి వచ్చి మా పక్కనే నిలబడ్డాడు. కాసేపటికి మలుపులో ఆయన పెట్టె ఉన్న నల్లటి పొడుగు కారు కనిపించింది. వెనక కూతురి కారు.

నేను ప్రార్థన మొదలుపెడదామని కళ్లు మూసుకోబోయాను. పక్కన ఏదో కదిలింది. చీరాల పెద్దమ్మ కొంగు సర్దుకుని ఒక అడుగు ముందుకు వేసి, కుడిచెయ్యి పక్కకి చాపింది. వెనకాల పిల్లలు చాపారు. తమ్ముడు చాపాడు. నేనూ చాపాను.

కారు నడుపుతున్న అమెరికన్ పెద్దాయనకి ఏమీ తెలియదు. ఎవరో ఆపమంటున్నారనుకున్నాడు. మెల్లగా బ్రేకు వేసి, సరిగ్గా మా ముందుకు తెచ్చి, కారు ఆపాడు.

ఎవరం ఎక్కలేదు. పెద్దమ్మ చెయ్యి అలాగే చాచి ఉంది.