ముక్కుదాకా నీళ్లు

కరుణ గడప దాటినప్పుడల్లా కుడివైపు ద్వారబంధాన్ని తాకి, ఆ వేళ్లను పెదవులకు ఆనించుకుంటుంది. ఇజ్రాయెల్‌లో రివ్కా అనే యూదు ముసలమ్మకు ఏళ్ల తరబడి సేవచేసి తెచ్చుకున్న అలవాటది. అక్కడ ద్వారబంధానికి దేవుని వాక్యమున్న చిన్న డబ్బీ ఉండేది. ఇక్కడ ఇబ్రహీంపట్నంలో, తన ఇంటి ద్వారబంధానికి ఉన్నవి పసుపు కుంకుమ బొట్లే. "మొగనికన్న దర్వాజ మీద్నె పాణమా నీకు?" అంటుంది పక్కింటి సత్తమ్మ. "అవ్ అక్కా, దర్వాజ తాగొచ్చి లొల్లి చెయ్యదు గద!" రివ్కా చెప్పిన కథొకటి కూడా కరుణ అందరికీ చెబుతుంది: "యూదులు పారిపోతుంటె వెనక రాజు ఫౌజు, ముందర సముద్రం. అందరు నిలవడ్డరు. నహ్షోన్ అనేటాయన ఒక్కడె దిగిండు. నీళ్లు ముక్కుదాక వచ్చినంకనే సముద్రం దారిచ్చింది."

మొన్నటి వానలో, ఎదురింట్లో అద్దెకుండే బుల్లబ్బాయి దవాఖానలో పోయాడు. శవంతో వచ్చిన అంబులెన్సును ఇంటి యజమాని అంజిలయ్య గేటు దగ్గరే ఆపేశాడు. కిరాయిదారు పీనుగ లోపలికొస్తే ఇంటికి కీడట. "ఒక్క పూటండీ, మా వాళ్లు ఊర్నుంచొచ్చేదాకా" అని బుల్లబ్బాయి భార్య రమణి తడుస్తూ బతిమాలుతోంది. వీధంతా చూస్తూ నిలబడింది. కరుణ తన గడపలో కొంగు బొడ్లో దోపింది. కొడుకు రాకేశ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, వచ్చే నెల నా లగ్గం. పిల్ల తరఫోళ్లు వద్దంటె?" "అంటరో అనరో నాకేమెర్క బిడ్డా." కరుణ రమణి వైపు చూసింది. "గని ఆమె వానల నిలవడ్డది." ద్వారబంధాన్ని తాకి, వేళ్లను పెదవులకు ఆనించుకుని, రెండు తలుపులూ బార్లా తెరిచింది. "మా ఇంట్లకు తీస్కరాండ్రి!" అందరికంటే ముందు రాకేశ్ వానలోకి దిగి స్ట్రెచర్ ఒక కొస పట్టుకున్నాడు. జనం రెండు వైపులకూ జరిగి దారిచ్చారు.